ఒజెల్లా పాదం కొలత

పైన్ బెండ్, అలబామా
1937 జనవరి 9

చెల్లెలు లూవీనియాకు అన్న ఎఫ్రాయిమ్ టార్వర్ రాయునది.

ఇక్కడ మేం కులాసా. ఒక పని పడి రాస్తున్నాను.

ఈసారి ఈస్టరుకి సండేస్కూలు పిల్లలు చెప్పే పద్యాల్లో అన్నిటికన్నా పొడుగుది నా మనవరాలు ఒజెల్లాకి ఇచ్చారు. తొమ్మిదేళ్ల పిల్లకి అది పెద్ద సంగతే. చర్చిలో వేదిక కొత్తది, నేనే చేశాను. సండేస్కూలు చూసే హ్యాటీ బ్లౌంటమ్మగారు ఒక షరతు పెట్టారు. బూట్లున్న పిల్లలు వేదిక ఎక్కాలి. లేనివాళ్లు తెర చాటున నిలబడి పాటలో గొంతు కలపాలి. ఒజెల్లాకి బూట్లు లేవు. ఈస్టరు ముందు శనివారంలోగా రాకపోతే పద్యం ఇంకొకరికి వెళ్తుంది. దాని తల్లికి మాంట్‌గొమరీలో ఆ తెల్లవాళ్ల వంటింట్లో పండగనాడు సెలవు దొరకదు. చూడటానికి ఉండేది నేనొక్కణ్ణే.

టౌనులో బూట్ల షాపు సంగతి నీకు తెలుసు. నల్లవాళ్ల కాలు బూటులో దూర్చనివ్వరు. కంటితో చూసి కొనాలి. కొన్నాక తిరిగి తీసుకోరు. పోయిన ఏడాది అలా కొన్న జత పిల్ల వేళ్లు కొరికేసింది. నా టోపీ కూడా కంటి కొలతే. గాలి వస్తే ఒక చెయ్యి దానికే సరిపోతుంది.

అందుకని ఒజెల్లా ఎడమ పాదం కాగితం మీద గీసి పంపుతున్నాను. దీన్ని బట్టి చికాగోలో ఒక జత కొను. ఖరీదు నేను ఇచ్చుకుంటాను. చలికాలం గనక ముందు గదిలో కప్పు నుంచి బొంత కుట్టే చట్రం తెరలా వేలాడుతోంది. ఒజెల్లా దాని అవతల కూర్చుని పేలికలు అతుకుతూ కిందినుంచి కాలు చాచింది. నేను నేల మీద వంగి గీశాను. వంగినంతసేపూ బొంత దారమేదో తలకి చుట్టుకుంటూ విసిగించింది. అయినా గీత తప్పలేదు. ఇన్నేళ్లుగా తలుపులూ శవపేటికలూ కొలిచిన చెయ్యి ఇది.

చలి ఎక్కువగా ఉంది. కోళ్లు గుడ్లు సరిగా పెట్టడం లేదు.

ఇట్లు
అన్న

తా.క. కాగితం చుట్టి పురికొసతో కట్టింది ఒజెల్లాయే. అంత పొడుగు కొస ఎందుకంటే వినలేదు. మధ్యలో అక్కర్లేని ముడి కూడా ఒకటి వేసింది. పనికొచ్చే కొస, పారేయకు.


చికాగో
జనవరి 21

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదువుతుంటే గుమ్మం కొలతలు చదువుతున్నట్టే ఉంది. ఒజెల్లాకి పొడుగు పద్యమా! వదిన బతికుంటే ఈపాటికి అలబామా సగానికి చెప్పి ఉండేది. నువ్వేమో మధ్యలో షాపు, టోపీ, కోళ్లు.

బూట్లు కొన్నాను. నల్లవి, పైన పట్టీ, పట్టీకి గుండీ. షాపులో కుర్రాడు నన్ను "మేడమ్" అన్నాడు. నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను. ఎవరూ లేరు, నేనే మేడమ్ని. ఆ సంతోషంలో కొనే ఉద్దేశం లేకపోయినా కనబడ్డ జతలన్నీ కాళ్లకి తొడిగి చూశాను. కాసేపటికి వాడు మేడమ్ అనడం మానేశాడు.

ఇదేం స్వర్గం కాదులే. ఒకే గదిలో వంటా పడకా. బాత్రూం ముందు అంతస్తంతా వరసలో నిలబడాలి. అద్దె తెల్లవాళ్లకి ఒకలా, మనకి ఒకలా. కాకపోతే టోపీ నెత్తిన పెట్టుకుని, నచ్చకపోతే తీసి అక్కడే పెట్టి రావచ్చు. దానికోసమే ఇంత చలి భరిస్తున్నాను.

బూట్లు మా ఆయన రోస్కో తెస్తాడు. వాళ్ల రైలు మీ టౌనులో ఆగినప్పుడు స్టేషనుకి వెళ్లి తీసుకో.

నీ చెల్లెలు
లూవీనియా

తా.క. ఖరీదు మాట ఎత్తకు. ఎత్తితే మా ఆయన ఏడుస్తాడు. పోయినేడు మా చర్చివాళ్లు బట్టల మూట పంపితే "మేం అడుక్కునేవాళ్లం కాదు" అని తిప్పి పంపావు. రైల్లో పడక పెట్టెల పోర్టరుగా ఊరందరికీ పక్కలు పరిచే మనిషి, చికాగో దాకా ఆ మూట మీద కూర్చుని నిద్రపోయాడు.

ఇంకో తా.క. పురికొస దాచాను. నాకు కోళ్ల హాజరు అక్కర్లేదు.


పైన్ బెండ్
ఫిబ్రవరి 2

లూవీనియాకు అన్న దీవెనలు.

బూట్లు అందాయి. మంచి తోలు. కానీ ఒజెల్లాకి చాలా పెద్దవి. అది వాటిలో నిలబడి నడిస్తే బూట్లు ఆగిపోయి పిల్ల మాత్రం ముందుకి వచ్చింది.

రోస్కో మళ్లీ ఇటు ఎప్పుడొస్తాడో తెలియదు గనక పెటిట్ విధవరాలి కొడుకు క్లీటస్‌కి ఇచ్చాను. వాడి కాలికి అచ్చు పోసినట్టు సరిపోయాయి. వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇది దానం కాదమ్మా, కొలత తప్పు," అని చెప్పాను. ఆమె "ఇలాంటి తప్పులు దేవుడు ఇంకొన్ని చేయించాలి," అంది. నేను చేసిన తప్పు కాదని మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

తప్పు చికాగోలోనే జరిగింది. అక్కడ నంబర్లు వేరుగా వేస్తారేమో కనుక్కో. మళ్లీ గీసి పంపుతున్నాను. ఈసారి పెన్సిలు కొత్తగా చెక్కాను.

వాన లేదు. పుంజు కుంటుతోంది.

ఇట్లు
అన్న

తా.క. నేను కొలిచేటప్పుడు పాదం చూస్తాను. మొహం, మాటలు, మిగతావి చూడను. అందుకే తప్పు రాదు.


చికాగో
ఫిబ్రవరి 11

కొలతల రాయుడు మా అన్నయ్యకి,

నీ కాగితం ప్రకారమే కొన్నాను. కావాలంటే రోస్కోని అడుగు. కాగితాన్ని పాదం ఆకారంలో కత్తిరించి బూటులో దూర్చాను, వెంట్రుకంత తేడా లేదు. చికాగోలో నంబర్లు వేరట! అడుగంటే ఇక్కడా అడుగే. పైగా నీ రెండో కాగితంలో పాదం మొదటి దాంట్లో సగమే ఉంది. మూడు వారాల్లో పిల్ల కాలు అంత తగ్గిందా? అన్నం పెడుతున్నావా దానికి?

నువ్వు కళ్లజోడు పెట్టుకోవు. చిన్నప్పుడు నాకు చేసిన ఎత్తుపీట గుర్తుందా? మూడు కాళ్లూ మూడు పొడుగులు. నేల వంకరని వాదించావు.

సరే, నీ గీతే వేదం. చిన్న జత పంపుతున్నాను. చిన్నవైతే నన్నడగొద్దు.

నీ చెల్లెలు
లూవీనియా

తా.క. నేల నిజంగానే వంకర. కానీ ఆ ముక్క నీకు రాతపూర్వకంగా ఇవ్వను అనుకున్నాను. ఇచ్చేశాను.


పైన్ బెండ్
ఫిబ్రవరి 20

లూవీనియాకు అన్న రాయునది.

చిన్నవయ్యాయి.

బూటులో ఒజెల్లా వేళ్లు మాత్రమే పట్టాయి. ఆ జత పొరుగింటి ఎర్లీన్‌కి ఇచ్చాను. దానికి ఎనిమిదేళ్లు, చిన్న పాదం. తొడిగిన వెంటనే గెంతింది. ఒజెల్లా కూడా గెంతింది. తన బూట్లు కానప్పుడు అది ఎందుకు గెంతిందో తెలియలేదు.

"నీకు బాధగా లేదా?" అన్నాను.

"నాకేం తాతయ్యా, ఇంకా టైముంది. మళ్లీ గీస్తావుగా," అంది.

అంత ఓపిక దానికి నా దగ్గర నుంచే వచ్చి ఉంటుంది.

ఎత్తుపీట సంగతి ఇప్పుడు అనవసరం. నాకు తోచిన కారణం ఒకటే. రైల్లో తేమకి కాగితం ఒకసారి సాగుతోంది, ఒకసారి ముడుచుకుంటోంది. అందుకని ఈసారి కాగితానికి మైనం రాశాను. మూడో గీత దీనితో పంపుతున్నాను. కొంచెం వెడల్పు పాదంగా కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది. అయినా ఉన్నదే గీశాను.

నేల మెత్తబడింది. పుంజు బాగానే ఉంది.

ఇట్లు
అన్న

తా.క. ఈ కాగితం అడుగున మసి మరకని మన్నించు. ఒజెల్లా పొయ్యి బూడిద ఎత్తిపోస్తూ ఉత్తరం మీద కాలు వేసింది. వేసిన కాలు వెంటనే తియ్యలేదు కూడా. మంచి కాగితం దండగ చేయడం ఇష్టం లేక అలాగే పంపుతున్నాను. దాన్ని చూడక్కర్లేదు.


చికాగో
మార్చి 4

అన్నయ్యా,

కూర్చుని చదువు.

నీ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి పడవ, ఒకటి చెంచా, ఒకటి రొట్టె. నీ గీత తప్పదు, ఒప్పుకుంటున్నాను. నేను కొనడమూ తప్పలేదు. మరి మిగిలిందేమిటి? ఆ పిల్ల పాదమే మారుతోంది.

నవ్వకు. మా చర్చిలో ఒక నర్సమ్మ ఉంది. ఆమెకి చెప్తే, "ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి కాలు వినలేదు," అని చెయ్యి గుండె మీద పెట్టుకుంది. బుధవారం ప్రార్థనలో ఒజెల్లా పేరు చదివారు. పాస్టరు గారు దాని పాదాల కోసం ఎంతసేపు ప్రార్థించారంటే వెనక వరసలో ఇద్దరు మోకాళ్ల మీదే నిద్రపోయారు. ఒకావిడ లేచి, "ఏ రోజుకి ఏ సైజవుతుందో తెలియని పిల్లకి ఒక జత పంపి ఏం లాభం? అన్ని సైజులూ పంపండి. ఈస్టరు పొద్దున ఏది పడితే అది తొడుక్కుంటుంది," అంది. అందరూ ఆమెన్ అన్నారు.

కాబట్టి బూట్లు నింపిన పీపా వస్తోంది. రోస్కో, ఇంకో పోర్టరు కలిసి దింపుతారు. బండి తీసుకెళ్లు.

ఇది దానం కాదు, వైద్యం. తిప్పి పంపావంటే మా పాస్టరు గారు దేవుడు తన ప్రార్థన వినలేదనుకుంటారు. ఆయన గుండె అసలే బలహీనం.

నీ చెల్లెలు
లూవీనియా

తా.క. పీపాలో నీ పేరు రాసిన పొట్లం ఒకటుంది. నువ్వే విప్పాలి. అయినా నువ్వు విప్పవని నాకు తెలుసు.


పైన్ బెండ్
మార్చి 17

చెల్లెలు లూవీనియాకు,

పీపా అందింది. ఇప్పుడు నేను రాయబోయేది చదివి మీ చర్చివాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పు.

పీపా గది మధ్యలో పెట్టి, ఆనాటికి ఒజెల్లా పాదం ఏ సైజులో ఉందో చూద్దామని కాగితం పరిచాను. జబ్బు రెండు కాళ్లకీ ఉందో లేదో తెలియాలని ఈసారి రెండు పాదాలూ చాచమన్నాను. బొంత కిందినుంచి రెండు పాదాలు వచ్చాయి. గీశాను. లేచి కాగితం చూసుకున్నాను.

రెండూ ఎడమ పాదాలే.

బొంత ఎత్తాను. అవతల క్లీటస్, వాడి తమ్ముడు, ఎర్లీన్, ఇంకా కొందరు పిల్లలు పేలికల మధ్య కోడిపిల్లల్లా ముడుచుకుని కూర్చున్నారు. ఒజెల్లా చేతిలో సూది ఉంది.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"కాలు చాచాం తాతా," అన్నాడు క్లీటస్ తమ్ముడు.

"ఎవరు చాచమన్నారు?"

"నువ్వే కదా అన్నావు."

"నేనన్నది ఒజెల్లాని."

ఒజెల్లా సూది పేలికలో గుచ్చి, "తాతయ్యా, నువ్వు 'కాలు పెట్టండి' అంటావు. ఎవరి కాలో ఎప్పుడూ అనలేదు," అంది.

నిజమే, అనలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. "వీళ్లందర్నీ తెర వెనక నిలబెట్టి, నేనొక్కదాన్నే పైకెక్కి యేసు ప్రభువు అందరికోసం లేచాడని చెప్పమంటావా? అదేం బాగుంటుంది?"

వడ్రంగి పనిలో ఇలాంటిది రాదు.

కాబట్టి పిల్లకి జబ్బేం లేదు. మీ చర్చివాళ్లు మోసపోయారు, నేనూ మోసపోయాను. పీపా తిప్పి పంపుదామనే అనుకున్నాను. కానీ నేను ఇలా ఆలోచిస్తుండగానే పిల్లలు అలా తొడిగేశారు. కాళ్ల నుంచి ఊడదీసి పంపే మనిషిని కాను.

కష్టం ఏమిటంటే, పీపాలో ఒజెల్లా సైజు లేదు. దానికి ముందువి ఉన్నాయి, తర్వాతవి ఉన్నాయి, అదొక్కటే లేదు. టౌను షాపులో కంటి కొలతతో ఒక జత కొంటానన్నాను. "వద్దు తాతయ్యా, పోయినేటివి నా వేళ్లకింకా గుర్తున్నాయి," అంది. బ్లౌంటమ్మగారు పద్యం ఎర్లీన్‌కి నేర్పడం మొదలుపెట్టారు. ఈస్టరు ముందు శనివారం దాకా చూస్తారట. ఇంట్లో ఒజెల్లా పద్యం గట్టిగా చెప్పడం మానేసింది. పెదాలు మాత్రం కదులుతుంటాయి. నేను చూస్తే ఆగుతుంది.

నా పొట్లం విప్పలేదు. నాకేం అక్కర్లేదు. అరలో పెట్టాను. రోస్కో వచ్చినప్పుడు తిప్పి ఇస్తాను.

ఇట్లు
అన్న

తా.క. గుడ్లు బాగా పెడుతున్నాయి. పద్యంలో మొదటి చరణం కోళ్ల దొడ్లో వినిపిస్తోంది. చూడటానికి వెళ్తే పిల్ల అక్కడ ఎవరూ లేనట్టు నటిస్తోంది.


చికాగో
మార్చి 22

మొహాలు చూడని మా అన్నయ్యకి,

శవపేటికలు కొలిచే అలవాటుతో వచ్చిన తంటా ఇదంతా. వాళ్లు కదలరు, చోటు మారరు, పక్కవాడి కాలు చాచరు.

మన ఇంటి పాదం ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశావా? బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. అమ్మకి అంతే, నాకంతే, నీకంతే. ఒజెల్లా పుట్టినప్పుడు దుప్పటి తీసి ముందు చూసింది ఆ వేలే. నువ్వు పంపిన మొదటి కాగితంలో ఆ వేలు లేదు. రెండో దాంట్లో లేదు. మూడో దాంట్లో పాదమే మన వంశానిది కాదు. మొదటి రోజే నాకు తెలుసు అన్నయ్యా, పిల్ల ఎవరి కాళ్లో పంపుతోందని. ఎందుకు పంపుతోందో కూడా తెలిసింది. బూట్లు లేనివాళ్లు తెర చాటున నిలబడాలని నువ్వే రాశావు కదా.

మా చర్చిలో నేను జబ్బు కథ చెప్పలేదు. ఆ కథ నీకొక్కడికే చెప్పాను. వాళ్లకి చెప్పింది ఉన్నమాటే: మా ఊళ్లో పిల్లలు ఈస్టరుకి వేదిక ఎక్కాలి, కాళ్లకి ఏమీ లేవు అని. మా బిల్డింగులో ప్రతి మంచం కిందా పిల్లల కాళ్లకి పట్టని బూట్లు పడున్నాయి. అరగంటలో పీపా నిండింది. ఉన్నమాట నీకు రాసి ఉంటే ఏం చేసేవాడివి? రోస్కోని మళ్లీ పీపా మీద కూర్చోబెట్టి పంపేవాడివి. నువ్వు దానం పుచ్చుకోవు, పొరపాటైతే సర్దుకుంటావు. అందుకని పొరపాట్లే పంపాను.

ఇక ఒజెల్లా బూట్లు. నువ్వు చూడక్కర్లేదన్న బూడిద మరక చూశాను. ఐదు వేళ్లు, అందులో రెండోది పొడుగు, మడమ దాకా శుభ్రంగా పడింది. ఇన్ని నెలల్లో నువ్వు పంపిన ఒకే ఒక్క సరైన కొలత అది, దానికేమో క్షమాపణ చెప్పావు.

ఆ జత నీ పేరున్న పొట్లంలో ఉంది. పిల్ల పేరు రాస్తే అది అప్పుడే విప్పి ఎవరికో తొడిగేస్తుంది. నీ పేరు రాస్తే ఎవరూ ముట్టరు, నువ్వు అసలే ముట్టవు. అలబామాలో అంతకంటే భద్రమైన చోటు నాకు తోచలేదు. ఉత్తరం చేతిలో పెట్టుకునే లేచి విప్పు.

నీ చెల్లెలు
లూవీనియా

తా.క. పొట్లంలో బూట్ల కింద ఇంకొకటుంది. అది నీదే. తిప్పి పంపేముందు అద్దం దగ్గరికి వెళ్లు.


పైన్ బెండ్
మార్చి 29

చెల్లెలు లూవీనియాకు,

నీ ఉత్తరం శుక్రవారం చేరింది. పొట్లం విప్పాను. బూట్లు సరిపోయాయి. ఒజెల్లా తొడుక్కుని గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. ఈసారి బూట్లూ పిల్లా కలిసే వచ్చాయి.

శనివారం బ్లౌంటమ్మగారి దగ్గరికి తీసుకెళ్లాను. పద్యం అప్పటికి ఎర్లీన్ దగ్గర ఉంది. ఒజెల్లా బూట్లు చూసి ఎర్లీన్, "అమ్మయ్య, నీ పద్యం నువ్వు పట్టుకుపో. రెండో చరణం నాకు రావడం లేదు," అంది.

నిన్న పిల్లలందరూ వేదిక ఎక్కారు. కొత్త చెక్క మీద అన్ని బూట్ల చప్పుడు నేను ఊహించలేదు. వేదిక కదల్లేదు. పాట వచ్చినప్పుడు బ్లౌంటమ్మగారు అలవాటు కొద్దీ తెరవైపు తిరిగి చెయ్యి ఊపారు. తెర వెనక ఎవరూ లేరు. తెర పాడలేదు. ఆవిడ నవ్వి ఇటు తిరిగారు. ఒజెల్లా పద్యం ఎక్కడా ఆగకుండా చెప్పింది. నేను పాదాలు చూడలేదు. మొహమే చూశాను.

బూట్ల కింద ఉన్నది టోపీ. అద్దం ముందు పెట్టుకున్నాను. చెవుల మీదికి దిగలేదు. నుదుటి మీద ఆగింది. ఇంతవరకు ఏ షాపూ నా తల మీద టోపీ పెట్టి చూడనివ్వలేదు. నువ్వు చూసి ఎన్నో ఏళ్లయిన తలకి సరిగ్గా ఎలా కొన్నావో తెలియక ఒజెల్లాని అడిగాను.

అది నవ్వి, "పురికొస," అంది.

జనవరిలో నేను వంగి క్లీటస్ కాలు గీస్తుంటే, తలకి చుట్టుకుంటున్నది బొంత దారమని విదిలించుకున్నాను. అది ఒజెల్లా చేతిలోని పురికొస. మీ వదిన టోపీలు తెప్పించేటప్పుడు తల చుట్టూ కొస తిప్పి, కలిసిన చోట ముడి వేసేది. పిల్లకి నేర్పిందని నాకు తెలియదు. నువ్వు మర్చిపోలేదని కూడా తెలియదు.

నేను ఇంతమంది పాదాలు కొలిచాననుకుంటే, కొలత నాదే వెళ్లింది.

మీ చర్చివాళ్లకి నా నమస్కారాలు చెప్పు. పీపా ఖాళీగా ఉంది. దాన్ని మాత్రం తిప్పి పంపుతున్నాను. మా పిల్లలు ఎదిగాక ఈ బూట్లు మళ్లీ బిగుతవుతాయి, అప్పటికి మీ బిల్డింగు పిల్లలకి పట్టనివి ఇంకొన్ని ఉంటాయి గదా. టోపీ తిప్పి పంపడం లేదు.

కోళ్ల సంగతి నిన్న చూసుకోలేదు.

ఇట్లు
అన్న ఎఫ్రాయిమ్

తా.క. చర్చి నుంచి వస్తుంటే దారిలో పెద్ద గాలి వచ్చింది. ఒక చేత్తో ఒజెల్లా చెయ్యి పట్టుకున్నాను, ఇంకో చేత్తో ఎర్లీన్ చెయ్యి.